రోల్స్ రాయిస్: కారు ఒకరికి, పేరు ఇంకొకరికి

(ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఈ కారు గురించి మాట్లాడతానంటే ఎక్కడైనా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటే, ఇందాక మెట్ల దగ్గరే ఒకాయన అడిగేశారు కూడా: "రోల్స్ రాయిస్‌లకు చీపుర్లు కట్టించి చెత్త ఊడిపించింది మన నిజామేనా అండీ?" కాబట్టి ముందు దాని సంగతి తేల్చేసి అసలు విషయంలోకి వెళ్దాం, లేకపోతే మీరు గంటసేపూ దానికోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు. (నవ్వులు)

కథ మీ అందరి ఫోన్లలోనూ ఉంది. మన దేశపు రాజుగారొకాయన లండన్‌లో మామూలు బట్టల్లో షోరూమ్‌కి వెళ్తాడు, సేల్స్‌మన్ ఈసడించుకుని బయటికి పంపేస్తాడు, రాజుగారు హోటల్‌కి పోయి దర్బారు దుస్తుల్లో తిరిగొచ్చి అక్కడున్న ఆరు కార్లూ అక్కడికక్కడే డబ్బిచ్చి కొని, ఊరికి తెచ్చి మున్సిపాలిటీకి అప్పగించి చెత్త ఎత్తిస్తాడు, కంపెనీ పరువు పోయి క్షమించమని టెలిగ్రాం పంపుతుంది. రాజస్థాన్‌లో చెబితే ఆ రాజు ఆల్వార్ మహారాజా జైసింగ్, పంజాబులో చెబితే పటియాలా భూపీందర్ సింగ్, ఇంకోచోట భరత్‌పూర్ రాజు, హైదరాబాద్‌లో చెబితే నిజాం. డైలాగులతో సహా కథ అదే, హీరో ఒక్కడే మారుతుంటాడు. తేదీ ఉండదు. ఆ టెలిగ్రాం ఎవరూ చూపించరు. సాక్ష్యం అంటూ తిరిగే ఫొటోలో టైర్ల ముందు చీపుర్లు కట్టి ఉంటాయి, సరే, కానీ రోడ్డు మీద మేకులూ రాళ్లూ టైరులో దిగకుండా అలా కట్టుకోవడం కూడా ఆ రోజుల్లో ఉండేది, దాన్ని చూసి చెత్త బండి అనుకోనక్కర్లేదు.

నాకు అసలు అనుమానం వచ్చింది "ఆరు కార్లూ అక్కడికక్కడే కొన్నాడు" అన్న ముక్క దగ్గర. ఎందుకంటే రెండో ప్రపంచ యుద్ధం దాకా రోల్స్ రాయిస్ కంపెనీ పూర్తి కారు తయారు చేసేదే కాదు. ఇంజిన్, గేర్‌బాక్స్, రేడియేటర్, వాటిని మోసే ఛాసిస్, అంతవరకే వాళ్ల పని. ఆ ఛాసిస్‌ని మీరు బార్కర్ దగ్గరికో హూపర్ దగ్గరికో పంపాలి. వీళ్లు అంతకుముందు గుర్రపు బగ్గీలు చేసిన కంపెనీల వాళ్లు. సీట్లు ఎలా ఉండాలి, టాపు తెరుచుకోవాలా వద్దా, లోపల ఏ చెక్క, బయట ఏ రంగు, అన్నీ వాళ్లతో కూర్చుని మాట్లాడుకుని బాడీ కట్టించుకోవాలి, దానికి నెలలు పట్టేది. కంపెనీ తన ఫ్యాక్టరీలోనే స్టీల్ బాడీ వేసి అమ్మిన మొదటి రోల్స్ రాయిస్ సిల్వర్ డాన్, అది 1949 సంగతి. షోరూమ్‌లో ఒకటో రెండో తయారుగా ఉంటే ఉండొచ్చు గానీ, "అన్నీ మూట కట్టేయండి" అనేంత తేలిక వ్యవహారం కాదది.

మరి ఆధారం లేని కథ ఇన్నేళ్లు ఎలా బతికింది? తెల్లవాడు మనవాణ్ణి అవమానించాడు, మనవాడు బదులు తీర్చుకున్నాడు, వినడానికి హాయిగా ఉంటుంది, అందుకు. కానీ ఇంకొక సంగతి చూడండి, ఇదే కథని ఆస్టిన్ కారు మీద ఎవరూ చెప్పరు, మోరిస్ మీద చెప్పరు. చెత్త ఎత్తిస్తే ఇంగ్లండ్ మొత్తానికి తలకొట్టేసినట్టు అవ్వాలంటే ఆ కారుకి ముందు అంత పరువుండాలి. ఆ పరువు ఎవరు, ఎలా సంపాదించారు, తర్వాత అది ఎన్ని చేతులు మారిందన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్నది.

హెన్రీ రాయిస్ 1863లో ఇంగ్లండ్‌లో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి పిండిమర నడిపేవాడు, అది దెబ్బతింది, కుర్రాడికి తొమ్మిదేళ్లప్పుడు ఆయన పోయాడు కూడా. పేపర్లు అమ్మాడు, టెలిగ్రాంలు పంచాడు. బంధువుల్లో ఒకావిడ ఏడాదికి 20 పౌండ్లు కడతాననడంతో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు, ఆవిడ దగ్గర డబ్బులు అయిపోయేసరికి అదీ మధ్యలోనే ఆగిపోయింది. ఇక్కడ ముందు వరుసలో ఇంజినీరింగ్ పిల్లలున్నారు కాబట్టి చెబుతున్నా, ప్రపంచంలో పేరున్న ఇంజినీర్లలో ఒకడైన ఈ మనిషికి అప్రెంటిస్ సర్టిఫికెట్ కూడా పూర్తిగా లేదు. 1884లో మాంచెస్టర్‌లో ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ అనే స్నేహితుడితో కలిసి చిన్న వర్క్‌షాపు పెట్టాడు. మొదట ఇళ్లకి కరెంటు గంటలు, తర్వాత డైనమోలు, ఆ తర్వాత క్రేన్లు. తిండి మర్చిపోయి పనిచేసేవాడట, ఒక కుర్రాడు గ్లాసుడు పాలు పట్టుకుని వెనకాలే తిరిగేవాడని చెబుతారు.

నలభై దగ్గరపడే వయసులో ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రెంచి కారు కొన్నాడు, డెకోవిల్ అని. ఆ కారు పరమ చెత్తగా ఉండటంతో కోపం వచ్చి సొంత కారు చేశాడని చాలాచోట్ల రాస్తారు. నిజానికి ఆ రోజుల లెక్కలో డెకోవిల్ మంచి కారే. కానీ రాయిస్‌కి "మంచిదే" అన్న మాట సరిపోయేది కాదు, ప్రతి బోల్టూ విప్పి చూసి, ఇది ఇలా ఎందుకుంది, ఇంకోలా చేస్తే ఈ చప్పుడు పోదా అని ఆలోచించే రకం. ఆయన కొత్తగా కనిపెట్టినవాటి జాబితా వేయమంటే పెద్దగా ఏమీ రాదు, ఉన్నదాన్ని తీసుకుని ఎవరికీ ఓపిక లేనంతగా సరిచేశాడు, అదీ ఆయన గొప్ప. రెండు సిలిండర్ల, 10 హార్స్‌పవర్ కారు తయారు చేసి 1904 ఏప్రిల్ 1న రోడ్డు మీదికి తీశాడు. ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

రెండో మనిషి చార్లెస్ రోల్స్. పూర్తిగా వేరే లోకం. లార్డ్ లాంగటాక్ అనే జమీందారు కొడుకు, 1877లో పుట్టాడు, కేంబ్రిడ్జిలో చదివాడు, బెలూన్లు, రేసులు, వేగం, ఇదే జీవితం. లండన్‌లో కార్ల దుకాణం పెట్టి విదేశీ కార్లు అమ్మేవాడు, ఇంగ్లీషు కారొకటి అమ్ముకోదగ్గది దొరకలేదే అని బాధపడేవాడు. హెన్రీ ఎడ్మండ్స్ అని ఇద్దరికీ తెలిసిన ఒకాయన మధ్యవర్తిత్వం చేస్తే 1904 మే 4న మాంచెస్టర్ మిడ్‌లాండ్ హోటల్లో కలిశారు. పేపర్లు అమ్ముకుని పైకొచ్చినవాడు ఒకడు, ప్రభువుల బిడ్డ ఇంకొకడు. రోల్స్ ఆ చిన్న కారు ఎక్కాడు, రెండు సిలిండర్ల ఇంజిన్ ఇంత చప్పుడు లేకుండా, వణుకు లేకుండా నడవడం చూసి అక్కడే మనసు పారేసుకున్నాడు. నువ్వెన్ని చేస్తే అన్నీ నేను అమ్ముతానన్నాడు, ఏడాది చివరికి ఒప్పందం రాసుకున్నారు, 1906లో కంపెనీ పుట్టింది.

ఇప్పుడు మీరెవరూ వినని మూడో పేరు చెబుతాను. క్లాడ్ జాన్సన్. రోల్స్‌కి రాయిస్‌కి మధ్య చిన్న గీత ఉంటుంది చూడండి, ఆ గీత ఈయనే అని వాళ్లలో వాళ్లు అనుకునేవాళ్లు. రోల్స్ దుకాణంలో భాగస్వామి, అంతకుముందు ఆటోమొబైల్ క్లబ్ కార్యదర్శి. కారు చేసింది రాయిసే, కానీ "రోల్స్ రాయిస్" అనగానే మీకు కలిగే ఆ భావం ఉందే, దాన్ని చేసింది చాలావరకు జాన్సన్ అని నా అభిప్రాయం. కొందరు ఒప్పుకోరు, పర్లేదు.

ఎందుకంటున్నానంటే, రాయిస్ 1906లో ఆరు సిలిండర్ల 40/50 అనే కారు చేశాడు. అప్పట్లో ఆరు సిలిండర్ల ఇంజిన్ అంటే అందరికీ భయం, లోపల తిరిగే పొడవాటి కడ్డీ, క్రాంక్ షాఫ్ట్, ఒక వేగం దగ్గర మెలితిరిగి వణికేది, కొన్నిసార్లు విరిగేది. రాయిస్ ఆ షాఫ్ట్‌ని లావుగా చేసి, ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టి, బేరింగులకు ఒత్తిడితో ఆయిల్ అందేలా చేసి, సిలిండర్లని మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పెట్టాడు, వణుకు పోయింది. ఇది ఇంజినీర్లకు అర్థమయ్యే సంగతి. కొనేవాడికి ఎలా చెప్పాలి? జాన్సన్ ఒక కారుని తీసుకుని వెండి రంగు వేయించి, ఇత్తడి ఉండాల్సిన చోట వెండి పూత పూయించి, చప్పుడు లేకుండా దెయ్యంలా వచ్చి పక్కన నిలబడుతుంది కాబట్టి దానికి "సిల్వర్ ఘోస్ట్" అని పేరు పెట్టాడు. కారుకి మనిషికి పెట్టినట్టు పేరు పెట్టి, 1907లో ఆటోమొబైల్ క్లబ్ వాళ్లు పక్కన కూర్చుని చూస్తుండగా లండన్‌కీ గ్లాస్గోకీ మధ్య తిప్పించాడు, 15,000 మైళ్లు, ఆదివారాలు సెలవు. మొత్తం మీద దానంతట అది ఆగింది ఒక్కసారే, 629వ మైలు దగ్గర, పెట్రోలు ట్యాప్ అదురుకి మూసుకుపోయి. ఆ తర్వాత 14,371 మైళ్లు ఎక్కడా మొరాయించలేదు. అయ్యాక అందరి ముందూ కారుని ముక్కముక్కలుగా విప్పించి, అరిగిన భాగాలకి ఖర్చెంతో లెక్క కట్టించాడు, రెండు పౌండ్ల చిల్లర తేలింది.

ఆలోచించండి, ఆ రోజుల్లో కారుందంటే పక్కన మెకానిక్ ఉండాల్సిందే, టైర్లు పంక్చర్లు, బెల్టులు తెగడాలు, దారిలో దిగి తోయడాలు. అలాంటప్పుడు "మాది ఆగదు" అని చెప్పడం వేరు, తటస్థులని కారులో కూర్చోబెట్టి ఆ లెక్కలు అచ్చేయించడం వేరు. ఆ వెంటనే జాన్సన్ మిగతా మోడళ్లన్నీ ఆపించి ఇదొక్కటే చేద్దామన్నాడు, "ప్రపంచంలోకెల్లా మంచి కారు" అన్న మాటని ప్రకటనల్లోకి ఎక్కించాడు. 1908లో డర్బీలో కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. ఘోస్ట్ 1926 దాకా తయారైంది, అయినా మొత్తం ఎనిమిది వేల లోపే.

ఇండియా సంగతి. 1908లోనే ఒక ఘోస్ట్‌ని బొంబాయికి తెచ్చి కొల్హాపూర్ దాకా ఘాట్ రోడ్ల మీద పరీక్షలో నడిపారు, తర్వాత గ్వాలియర్ మహారాజా కొనుక్కున్నారు, దానికి "పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్" అని పేరు. ఆ తర్వాత సంస్థానాధీశులు బారులు తీరారు. ఏనుగు మీద ఊరేగేవాళ్లకి ఎత్తుగా, నెమ్మదిగా, ఆగకుండా వెళ్లే కారు ఎందుకు నచ్చిందో పెద్దగా చెప్పక్కర్లేదు, ఊరేగింపులో మనిషి నడిచే వేగంతో గంటల తరబడి వెళ్లినా ఇంజిన్ మొరాయించకపోవడం వాళ్లకి కావలసింది.

మన హైదరాబాద్ కారు కూడా ఊరేగింపు కారే. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చారు, కారు వచ్చేలోపే 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశారు, 1912లో అది ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. బార్కర్ వాళ్లు బాడీ కట్టారు, పసుపు రంగు, పైన గుమ్మటం లాంటి కప్పు, వెనక సీటు స్థానంలో సింహాసనం. అందుకే దాన్ని "థ్రోన్ కార్" అంటారు. వేడుకలకే బయటికి తీసేవాళ్లు కాబట్టి అది తిరిగింది చాలా తక్కువ. చాలా ఏళ్లు మూలపడి ఉండి, బాగుచేయించాక ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది, వెళ్లి చూడండి, శుక్రవారం మాత్రం సెలవు. నాకు ఎప్పుడూ చిత్రంగా అనిపించేది ఏంటంటే, 1937లో టైమ్ పత్రిక ప్రపంచంలో అందరికంటే ధనవంతుడని ముఖచిత్రం వేసిన ఈ ఏడో నిజాం, పొదుపు విషయంలో ఎంత పేరు మోసినవాడో మీ తాతలని అడగండి, అలాంటాయన ఆరు కొత్త కార్లు కొని చెత్తకి వాడతాడా? కథ అల్లినవాడికి మన నిజాం గురించి ఏమీ తెలియదన్నమాట. (నవ్వులు)

మళ్లీ ఇంగ్లండ్ వెళ్దాం. రోల్స్‌కి కార్ల మీద మోజు తగ్గి విమానాల మీదికి మళ్లింది. కంపెనీ కూడా విమానాల వైపు రావాలని పోరాడాడు, బోర్డు వినలేదు. 1910 జూన్‌లో ఇంగ్లిష్ ఛానెల్‌ని ఎక్కడా దిగకుండా అటు ఇటు దాటిన మొదటి మనిషి అయ్యాడు, జులై 12న బోర్న్‌మత్‌లో ప్రదర్శన చేస్తూ రైట్ సోదరుల డిజైన్ విమానం తోక విరిగి కిందపడి చనిపోయాడు. 32 ఏళ్లు. ఇంజిన్ విమాన ప్రమాదంలో చనిపోయిన మొదటి బ్రిటిష్ పౌరుడు ఆయనే. విచిత్రం చూడండి, ఆయన బతికుండగా వద్దన్న ఆ పనే నాలుగైదేళ్లకి యుద్ధం వచ్చి కంపెనీ నెత్తిన పడింది. 1915లో ఈగిల్ అనే విమాన ఇంజిన్ వచ్చింది, 1919లో ఆల్‌కాక్, బ్రౌన్ అనే ఇద్దరు ఆగకుండా అట్లాంటిక్ దాటింది ఆ ఇంజిన్లతోనే.

రాయిస్ కూడా అప్పటికి మంచం పట్టాడు, పెద్ద ఆపరేషన్ అయింది. ఆ తర్వాత డర్బీ ఫ్యాక్టరీకి దూరంగా, చలికాలం ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, మిగతా రోజులు ఇంగ్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉంటూ, డిజైనర్లనే ఇంటికి రప్పించుకుని రెండు దశాబ్దాలు పనిచేశాడు. జాన్సన్ ఆయన్ని ఫ్యాక్టరీకి దూరంగా ఉంచింది ఆరోగ్యం కోసమే అంటారు, అక్కడుంటే ప్రతి వస్తువూ మళ్లీ సరిచేయిస్తూ ఒక్క కారు కూడా బయటికి పోనివ్వడని కూడా అంటారు, రెండూ నిజమే అయి ఉంటాయి. 1933 ఏప్రిల్‌లో పోయాడు. ఆయన పోయినందుకు దుఃఖ సూచనగా కారు గుర్తులో ఎర్రగా ఉన్న రెండు "ఆర్" అక్షరాలని నలుపు చేశారని ఇంకో కథ ఉంది. అదీ కథే, ఎరుపు కొందరి కారు రంగులతో పొసగడం లేదని ఆయన బతికుండగానే ఆ మార్పు నిర్ణయమైపోయింది. ఈ కంపెనీ చుట్టూ ఇలాంటివి ఎన్నో, బానెట్‌కి సీలు వేస్తారని, ఆల్ప్స్ కొండల్లో ఇరుసు విరిగితే రాత్రికి రాత్రి మనుషులొచ్చి మార్చేసి, తర్వాత బిల్లు అడిగితే "మా కార్ల ఇరుసులు విరగవండీ" అన్నారని. కంపెనీ వీటిని గట్టిగా ఖండించిన పాపాన పోలేదు. ఇంజిన్ పవర్ ఎంత అని అడిగితే చాలా ఏళ్లు అంకె చెప్పకుండా "సరిపడినంత" అని జవాబిచ్చిన వాళ్లు, ఉచితంగా వచ్చే ప్రచారాన్ని ఎందుకు కాదంటారు?

రేడియేటర్ మీద వాలినట్టుండే బొమ్మ గురించి మాత్రం నిజం కథ కంటే బరువుగా ఉంటుంది. ఖాతాదారులు ఎవరికి తోచిన బొమ్మలు వాళ్లు, పిల్లులూ పోలీసులూ, పెట్టుకుంటుంటే చూడలేక 1911లో జాన్సన్ చార్లెస్ సైక్స్ అనే శిల్పితో దాన్ని చేయించాడు. ఎలినార్ థార్న్‌టన్ అనే ఆమెని చూసి చేశాడని చెబుతారు, ఆమె మోటారు పత్రిక నడిపే లార్డ్ మాంటేగు దగ్గర సెక్రటరీ, ఇద్దరి మధ్యా బంధం ఉంది, ఆయనకి పెళ్లయింది కాబట్టి బయటికి చెప్పుకోలేని బంధం. 1915 చివర్లో మాంటేగు ఇక్కడ ఇండియాలో సైనిక వాహనాల బాధ్యత తీసుకోవడానికి ఎస్ఎస్ పర్షియా అనే ఓడలో బయల్దేరితే ఆమె కూడా వచ్చింది, డిసెంబర్ 30న క్రీట్ దగ్గర జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో ముంచేసింది. ఆయన బతికి బయటపడ్డాడు, ఆమె మునిగిపోయింది. ఆ బొమ్మ ఇప్పటికీ ప్రతి కారు ముందూ ఉంది.

రెండో యుద్ధం గురించి త్వరగా చెప్పి వదిలేస్తా, ఎందుకంటే అది కారు కథ కాదు. వీళ్ల విమాన ఇంజిన్ మెర్లిన్; స్పిట్‌ఫైర్, హరికేన్, లాంకాస్టర్ అనే యుద్ధ విమానాలు అన్నిట్లోనూ అదే, సరిపోక అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీతో కూడా చేయించారు. బ్రిటన్ వాళ్లకి ఈ పేరు ధనవంతుల బొమ్మ స్థాయి దాటి దేశ గౌరవం అయింది అక్కడే. యుద్ధం కోసం క్రూ అనే ఊళ్లో కట్టిన విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలోకి 1946లో కార్ల తయారీ మారింది. 1931లోనే దివాలా తీసిన బెంట్లీని, వేరే ట్రస్టు పేరు ముందు పెట్టి, గుట్టుగా కొనేశారు కాబట్టి రెండు కార్లూ ఒకే కప్పు కింద. ఈ క్రూ, ఈ బెంట్లీ, రెండూ గుర్తుపెట్టుకోండి, చివర్లో కావాలి.

1950ల చివర్లో డేవిడ్ ఓగిల్వీ అని అమెరికాలో ప్రకటనల రంగంలో ఉద్దండుడు ఒక ప్రకటన రాశాడు: గంటకి 60 మైళ్ల వేగంలో ఈ కొత్త రోల్స్ రాయిస్‌లో వినిపించే అతి పెద్ద చప్పుడు లోపలి గడియారానిది అని. ప్రకటనలు రాసేవాళ్లు ఇప్పటికీ దాన్ని చదువుకుంటారు. ఆ వాక్యం ఆయన సొంతం కూడా కాదు, ఒక మోటారు పత్రిక రాసిన పరీక్షా నివేదికలోంచి తీసుకున్నాడు. అది చూసి ఫ్యాక్టరీ ఇంజినీరు ఒకాయన "అయితే ఆ గడియారం సంగతి చూడాలి" అన్నాడని ప్రతీతి. రాయిస్ ఉంటే సరిగ్గా అదే అనేవాడు.

తర్వాత కొనేవాళ్లు మారారు. అంతకుముందు రాజులు, వాళ్లలోనూ వడపోత: 1950లో మొదలైన ఫాంటమ్ ఫోర్ 18 మాత్రమే చేశారు, రాచకుటుంబాలకీ దేశాధినేతలకీ తప్ప అమ్మలేదు. 1965లో సిల్వర్ షాడో వచ్చాక డబ్బున్న ఎవరైనా నడుపుకోగల కారైంది, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ తన ఫాంటమ్‌కి పసుపు వేయించి పైన పూలూ తీగలూ రాయించాడు, అమెరికాలో ఒరెగాన్ ఆశ్రమంలో మన రజనీష్ దగ్గర తొంభైకి పైగా ఉండేవి. కార్ల మీద సన్యాసికి మోజేంటని తిట్టినవాళ్లున్నారు, కానీ ఒకటి గమనించండి, జనాన్ని ఆశ్చర్యపరచాలంటే ఆ పేరే కావాలని ఆయనకి బాగా తెలుసు.

సరే, ఇప్పుడు అసలైన చోటికి వచ్చాం. 1971 ఫిబ్రవరి 4న రోల్స్ రాయిస్ దివాలా తీసింది. ఇంగ్లండ్‌లో జనం నమ్మలేకపోయారు. కార్లు అమ్ముడుపోక అనుకుంటారేమో, కానేకాదు, కార్ల విభాగం బాగానే ఉంది. ముంచింది విమాన ఇంజిన్. లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానానికి ఆర్‌బీ211 అనే ఇంజిన్ ముందే ధర ఖాయం చేసుకుని ఒప్పుకున్నారు, ముందుండే ఫ్యాన్ రెక్కలు తేలికగా ఉండాలని కార్బన్ ఫైబర్‌తో చేశారు, పక్షి తగిలితే తట్టుకుంటుందా అని కోడిని విసిరి పరీక్ష చేస్తే రెక్కలు పగిలిపోయాయి. టైటానియంకి మారాల్సి వచ్చింది, ఖర్చు చెయ్యి దాటిపోయింది. ప్రభుత్వం సైనిక అవసరాల కోసం ఇంజిన్ల కంపెనీని జాతీయం చేసి, రిటైరైన ఇంజినీర్ స్టాన్లీ హుకర్‌ని వెనక్కి పిలిపించి గట్టెక్కించింది, అదే ఇంజిన్ తర్వాత బంగారు బాతు అయింది, ఇప్పటి ట్రెంట్ ఇంజిన్లు దాని సంతానమే. మీలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 787లో లండన్ వెళ్లినవాళ్లు, ఎయిర్ ఇండియా ఏ350 ఎక్కినవాళ్లు చేతులెత్తండి. చూశారా, మీరంతా రోల్స్ రాయిస్‌లో ప్రయాణించినవాళ్లే, పిల్లల పెళ్లి సంబంధాలప్పుడు చెప్పుకోవచ్చు. (నవ్వులు)

కార్ల విభాగాన్ని 1973లో విడదీసి వేరే కంపెనీ చేశారు, 1980లో దాన్ని విక్కర్స్ అనే కంపెనీ కొంది. విడదీసేటప్పుడు ఒక ఏర్పాటు జరిగింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు: పేరూ, రెండు ఆర్‌ల గుర్తూ ఇంజిన్ల కంపెనీ సొత్తు, కార్ల వాళ్లకి వాడుకునే అనుమతి మాత్రమే.

ఇరవై అయిదేళ్లకి అది పేలింది. 1998లో విక్కర్స్ కార్ల కంపెనీని అమ్మకానికి పెట్టింది. అప్పటికే ఇంజిన్లు సరఫరా చేస్తున్న బీఎండబ్ల్యూ 340 మిలియన్ పౌండ్లు అంది, ఫోక్స్‌వాగన్ 430 మిలియన్లు అంది, విక్కర్స్ ఎక్కువిచ్చినవాడికి ఇచ్చేసింది. ఫోక్స్‌వాగన్ చేతికి క్రూ ఫ్యాక్టరీ, అక్కడి పనివాళ్లు, డిజైన్లు, బెంట్లీ, ఆ రేడియేటర్ ఆకారం, పైనుండే బొమ్మ, అన్నీ వచ్చాయి. అన్నీ అంటే, "రోల్స్ రాయిస్" అన్న పేరు తప్ప. ఇంజిన్ల కంపెనీకి బీఎండబ్ల్యూతో వేరే వ్యాపార సంబంధాలున్నాయి, వాళ్లు ఆ పేరుని 40 మిలియన్ పౌండ్లకి బీఎండబ్ల్యూకి ఇచ్చేశారు. ఒకడి దగ్గర 430 మిలియన్ల ఫ్యాక్టరీ, పేరు లేదు. ఇంకొకడి దగ్గర 40 మిలియన్ల పేరు, ఫ్యాక్టరీ లేదు, బొమ్మ లేదు, మనుషులు లేరు. పైగా ఇంజిన్లు మేమే కదా ఇస్తోంది, ఆపేస్తాం అన్నాడు వాడు. కొన్ని వారాలు తన్నుకుని జులైలో రాజీ: 2002 చివరిదాకా రెండూ ఫోక్స్‌వాగన్ చేస్తుంది, 2003 జనవరి 1 నుంచి రోల్స్ రాయిస్ బీఎండబ్ల్యూది, బెంట్లీ ఫోక్స్‌వాగన్‌ది. నాకసలు కావలసింది బెంట్లీయే అని ఫోక్స్‌వాగన్ అధిపతి పీఎఖ్ తర్వాత అన్నాడు, అందని ద్రాక్ష అని నవ్వారు గానీ బెంట్లీ అమ్మకాలు చూస్తే ఆయన తప్పు లెక్క వేయలేదనే అనిపిస్తుంది.

బీఎండబ్ల్యూ గుడ్‌వుడ్ అనే చోట, రాయిస్ చివరి రోజులు గడిపిన వెస్ట్ వైటరింగ్‌కి దగ్గర్లోనే, కొత్త ఫ్యాక్టరీ కట్టింది. 2003 జనవరి 1 అర్ధరాత్రి దాటగానే మొదటి ఫాంటమ్ తాళాలు కొన్నవాడి చేతిలో పెట్టారు. అల్యూమినియం చట్రం జర్మనీ నుంచి వచ్చేది, ఇంజిన్ జర్మనీది, చెక్క, తోలు, రంగు, కూర్పు గుడ్‌వుడ్‌లో. ఇది నిజమైన రోల్స్ రాయిసేనా అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఫ్యాక్టరీ, పనివాళ్ల వారసత్వం ప్రకారం చూస్తే అసలు రోల్స్ రాయిస్ క్రూలో తయారయ్యే బెంట్లీ అనాలి, ఆ మాట అంటే గుడ్‌వుడ్ వాళ్లకి కోపం వస్తుంది. నా మటుకు నాకు ఆ వాదన అనవసరం. 2003 ఫాంటమ్ తలుపు వేసినప్పుడు వచ్చే శబ్దం, రోడ్డు మీద అది వెళ్లే తీరు చూస్తే, విక్కర్స్ చేతిలో పెట్టుబడి లేక ముసలిదైపోయిన కారు కంటే రాయిస్ దీన్నే ఒప్పుకునేవాడు. ఒప్పుకుని మళ్లీ ఏదో సరిచేయమనేవాడు, అది వేరే సంగతి. 2023లో ప్రపంచం మొత్తం మీద 6,032 కార్లు అమ్మారు, అదే వాళ్ల రికార్డు, పెద్ద కార్ల ఫ్యాక్టరీలు కొన్ని రోజుల్లో చేసే సంఖ్య అది.

ప్రశ్నలకి టైమ్ ఇచ్చారు, ఒకటి తీసుకుంటాను. అక్కడ, నీలం చొక్కా బాబు. ఆ, మైకు ఇవ్వండి. "ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక అన్నీ చప్పుడు లేకుండానే వెళ్తున్నాయి కదా, ఇక రోల్స్ రాయిస్‌లో ప్రత్యేకం ఏముంది?"

మంచి ప్రశ్న. 15 లక్షల ఎలక్ట్రిక్ కారు ఇవాళ వాళ్ల పాత ఇంజిన్ అంత నిశ్శబ్దంగా వెళ్తుంది, అది నిజం, మోటారు వరకు వాళ్లకున్న గొప్ప పోయినట్టే. మిగిలేది రోడ్డు చప్పుడు, గాలి చప్పుడు, సస్పెన్షన్, చేతిపని, ఆ పేరు. స్పెక్టర్ అనే మొదటి ఎలక్ట్రిక్ కారు 2023లో ఇవ్వడం మొదలుపెట్టారు. అయితే ఒక సంగతి విను, 1900లో, అంటే రాయిస్‌ని కలవడానికి నాలుగేళ్ల ముందు, చార్లెస్ రోల్స్ ఒక ఎలక్ట్రిక్ కారు నడిపి చూసి, చప్పుడు లేదు, వాసన లేదు, ఛార్జింగ్ స్టేషన్లు పెట్టగలిగితే చాలా పనికొస్తుంది, ఊళ్లు దాటి వెళ్లడానికి మాత్రం ఇప్పట్లో కుదరదు అన్నాడు. విజయవాడ హైవే మీద బ్యాటరీ పర్సెంటేజీ చూసుకుంటూ వెళ్లేవాళ్ల టెన్షన్ కూడా ఇప్పటికీ అదే కదా. ఇంకెవరైనా అడుగుతారా? బెంట్లీ అభిమానులైతే బయట టీ దగ్గర కలవండి, ఇక్కడ గొడవ వద్దు.